సప్పుడు

"ఎంత బుద్ధిమంతురాలు, ఏడ్వనే ఏడ్వది"
తొట్టెల నాడు శకుంతలక్క అన్నది.
మా అవ్వ మురిసి ఉప్పూ మిరపకాయలూ తిప్పి
పొయ్యిల వేసింది.
ఏడుస్తనే ఉన్నది భ్రమరి అప్పుడు.
నోరు ఇంత తెరిచి, మొఖం కందిపోయి,
కాళ్ళు తన్నుకుంట.
సప్పుడే లేదు.

మాది కొత్తవాడ. ఇంట్ల గుంత మగ్గం.
పొద్దున ఐదింటికి నాడె ఆడితే
పక్కింటి టీవీ సుత వినరాదు.
పిల్ల గొంతు అండ్లనే మునిగిందనుకున్న.
మగ్గం ఆపిన.
ఆపినంక ఇంకా భయమైంది:
పగిలిన రేకుల సందుల గాలి జొచ్చినట్టు
లోపలికి పీల్చేటప్పుడు ఒక కూత,
బయటికి ఏం లేదు.
పాలు పడితే పొలమారుడు. పెదాలు నీలం.

ఎంజీఎంల మూడు రోజులు చీటీ పట్టుకొని బెంచీ మీద.
నిమ్ము అన్నరు. కఫం అన్నరు.
నాలుగో నాడు గొంతు డాక్టరమ్మ
దారమంత సన్న గొట్టం, కొసకు లైటు,
పిల్ల ముక్కులకెళ్ళి దింపింది.
తల నేనే పట్టుకున్న.
జంపఖాన అంచుకు వెయ్యి ముళ్ళేసే చేతులు
ఒక్క తలకాయ పట్టుకోలేక వణికినయి.

తెర మీద కనబడ్డది:
గోరంత దర్వాజ, తెల్లటి రెండు రెక్కలు.
కుడిది తెరుసుకుంటంది, మూసుకుంటంది.
ఎడమది
సుట్టమొస్తడని ఓరగా తీసి
మరిచిపోయిన తలుపు లెక్క, ఊకనే ఉన్నది.

"స్వరతంత్రి పడిపోయింది."
పడిపోతే లేపరాదా మేడం అన్నది నా పెండ్లాం.
డాక్టరమ్మ నవ్వలే.
మందుల చీటీ తిప్పి బొమ్మ గీసింది.
గొంతుకొచ్చే నరం గొంతు కాడ ఆగదట.
దాటిపోయి, గుండె కాడి పెద్ద నాళం కిందికెళ్ళి మలిగి
మళ్ళ పైకెక్కి వస్తదట.
ఎడమదే అంత దూరం.
మూరెడు లేని పిల్లల అంత తొవ్వ ఎందుకు పెట్టిండో.

గుండె ఫొటో తీసిన్రు, తలకు స్కానింగ్ తీసిన్రు.
అన్నీ మంచిగనే ఉన్నయట.
మంచిగుంటే మరెందుకు?
"తెల్వదు. కొందరికి కారణం దొరకదు."
తెల్వదు అనే డాక్టర్‌ని అప్పుడే చూసిన.
ఎందుకో నమ్మబుద్ధయింది.

రెండు రెక్కలూ పడిపోతే
మెడకు రంధ్రం పెట్టాల్సి వస్తుండెనట.
"ఒకటే గదా, ఆగుదాం.
శానమందికి ఏడాదిల, రెండేండ్లల కదలిక తిరిగొస్తది.
రాకున్నా మాట్లాడుతది.
గొంతు ఎట్లుంటదో ఇప్పుడే చెప్పలేను."
పక్కకు పండబెట్టి, ఆగి ఆగి పాలు పట్టుమన్నది.

పగలు చూసుకుంటం. రాత్రెట్ల?
కండ్లు మూస్తే మా పిల్ల వినబడది.
అవ్వ సందుగులకెళ్ళి
ఎప్పటిదో ఒంటి గజ్జె తీసి
నల్లదారంతోని కాలికి కట్టింది.
భ్రమరి కాలుతోని ఏడ్వ నేర్చింది.
ఘల్లుమంటే లేస్తం.
ఒక్కోపారి అది కలల తన్నుకుంటది, అంతే.
అయినా ముగ్గురం లేచి కూసుంటం.

పదకొండో నెల. మళ్ళ అదే గొట్టం, అదే తెర.
"ఎడమది ఇంకా కదల్లేదు."
నా మోకాళ్ళల బలం పోయింది.
"ఆగు, కుడిదాన్ని చూడు" అన్నది.

కుడి రెక్క
తన సగం దగ్గర ఆగుతలేదు.
నడిమి గీత దాటి
ఆ మొండిదాని కాడిదాక పోయి
తాకి, వస్తంది.
మళ్ళ పోతంది.
ఎవలు చెప్పిన్రు దానికి?

ఇప్పుడు భ్రమరికి గొంతున్నది.
బొంగురుది,
ఎండిన మక్కసొప్పల కోడిపిల్ల తిరిగినట్టు.
మొన్న పొద్దుగాల్నే శకుంతలక్క వచ్చి
రాత్రంత మీ పిల్ల ఏడుపు, కన్ను మూయలేదని
లొల్లి పెట్టింది.
నా పెండ్లాం ఆమెను కూసోబెట్టి
పాలు ఎక్కువేసి చాయ్ పోసింది.

గజ్జె ఇంకా ఇప్పలే.